అడ్డం లేని గడప

ఆ రోజు కుమారస్వామి తెల్లవారుజామున అయిదింటికే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సొంత ఇంట్లో నిలబడడానికి చోటు వెతుక్కుంటున్నాడు. వంటింట్లో నిలబడితే భార్య సుభాషిణి "జర జరుగు" అంది. హాల్లో నిలబడితే పూలదండలు గుచ్చుతున్న మరదళ్లు "బావా, జర జరుగు" అన్నారు. వాకిట్లో నిలబడితే ముగ్గు వేస్తున్న మనిషి ఏమీ అనలేదు గాని, ఆయన పాదాల చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ పోయింది.

బస్టాండులో ముప్పై నాలుగేళ్లు కంట్రోలర్‌గా చేసిన మనిషి. ఆయన విజిల్ వేస్తే బస్సు కదిలేది, చెయ్యి అడ్డం పెడితే ఆగేది. రిటైరై ఏడాదిన్నర అయింది. దారికి అడ్డం వచ్చినవాళ్లను జరపడమే ఉద్యోగంగా బతికినవాడు, ఇంటికొచ్చాక తానే అడ్డమైపోయాడు. టీవీకి అడ్డం, చీపురుకు అడ్డం, ఫ్రిజ్ తలుపుకు అడ్డం. పైకి నవ్వేసేవాడు గాని ఆ మాట విన్నప్పుడల్లా లోపల చివుక్కుమనేది.

ముందురోజే నర్సంపేటలో కొడుకు రాకేష్ పెళ్లయింది. పెళ్లి ముగించుకుని పెద్దవాళ్లు రాత్రికే కొత్తవాడలో ఇంటికి తిరిగొచ్చారు. పొద్దున కారులో కొడుకూ కోడలూ వస్తారు. కొత్త కోడలు అక్షర మొదటిసారి ఈ ఇంటి గడప తొక్కాలి. ఇదీ ఆ రోజు పని.

ఏడింటికి సుభాషిణి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఏమయ్యా, నీకో పని జెప్త. చేస్తవా?"

కుమారస్వామి పని అన్న మాట విని ఏడాదిన్నర అయింది. నిటారుగా అయ్యాడు.

"పదింటికి కారస్తది. పదీ నలభైకి వర్జ్యం పడ్తది. ఆ లోపట పిల్ల కుడికాలు ఇంట్ల పెట్టాలె. గల్లీల ఏదీ అడ్డం లేకుండ జూడు. గంతే. ఇంకేం జెయ్యకు."

"గది నాకిడిసిపెట్టు."

"ఇడిసిపెడ్తాన్న, గదే భయం. నేను గీ ఇంటికొచ్చిన నాడు బస్సు లేటైతె వర్జ్యం పడ్డదని పక్కింటోల్ల అరుగు మీద రెండు గంటలు కూసున్న. వచ్చేటోల్లు పోయేటోల్లు ఎవలు పిల్లా నువ్వని అడుగుడే. నా కోడలు గట్ల కూసోవద్దు."

ఆ బస్సు లేటవడానికి కుమారస్వామి కారణం కాదు. కాని అప్పటికే బస్టాండులో ఉద్యోగి కాబట్టి, ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ లేటు ఆయన ఖాతాలోనే ఉంది. ఇవ్వాళ అది మాపుకునే రోజు వచ్చిందని గట్టిగా అనుకున్నాడు. బీరువా తెరిచి, సుభాషిణి పట్టుచీరల పక్కన దాచుకున్న విజిల్ తీసి మెడలో వేసుకున్నాడు.

అరుగు మీద కుర్చీలో కూర్చున్న మొగిలమ్మ కళ్లు చిట్లించి చూసింది. ఆయన పెద్దనాన్న భార్య. ఎనభై దాటాయి. ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆమె చెప్పిందే శాస్త్రం.

"గదేంది మెడల? తాయెత్తా?"

"విజిలు, పెద్దమ్మా. ఇయ్యాల గల్లీల నాదే డ్యూటీ."

"అయ్యో తల్లీ" అంది మొగిలమ్మ. ఎవరిని గురించి అందో చెప్పలేదు.

గల్లీకి రెండు చివరలున్నాయి. ఒకటి పెద్దరోడ్డు వైపు, ఇంకొకటి వెనకాల బడి వైపు. కారు పెద్దరోడ్డు నుంచి రావాలి. కుమారస్వామి ఇంటి ముందు నుంచి పెద్దరోడ్డు దాకా నడిచి చూస్తే గోడలవెంట పదకొండు స్కూటర్లు, మూడు సైకిళ్లు, ఒక తోపుడుబండి లెక్కకొచ్చాయి. ఒక్కో ఇంటి ముందు నిలబడి విజిల్ వేశాడు. పెళ్లివారి ఇల్లు గదా అని జనం తిట్టుకోకుండా తాళంచెవులు ఇచ్చారు. అన్నింటినీ తోసుకుపోయి గల్లీ మొదట్లో, పెద్దరోడ్డు అంచున, వరసగా నిలబెట్టించాడు. మధ్యలో కారు పట్టేంత సందు మాత్రం వదిలాడు.

అక్కడ కాపలాకు ఎవరైనా కావాలి. పక్కింటి సాంబయ్య దొరికాడు. మిల్లులో వాచ్‌మన్‌గా చేసి దిగిపోయిన మనిషి. చెప్పిన మాట జవదాటడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు.

"సాంబన్నా, ఈడ తాడు కట్టి నిలబడు. పెండ్లికారు దప్ప ఇంకే బండినీ లోపలికి రానియ్యకు."

"పాలబండి?"

"వద్దు."

"నీళ్ల ట్యాంకరు?"

"వద్దన్న. పెండ్లికారు లోపలికి పోయినంక తాడిప్పు. గంతే."

"రాసియ్యి."

"ఏంది?"

"నోటిమాట మారుతది. మిల్లుల ఎన్ని జూడలే. రాసియ్యి."

కుమారస్వామి జేబులోంచి శుభలేఖ తీసి దాని వెనకాల రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. సాంబయ్య రెండుసార్లు చదివి, మడిచి, టోపీలో పెట్టుకున్నాడు.

తొమ్మిదికి తిరిగొచ్చేసరికి ఇంటి ద్వారంలో ఎవరో రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యి దానంతటదే విజిల్ మీదికి పోయింది. చూస్తే కూతురు శోభారాణి. రఘునాథపల్లిలో ఇచ్చారు. బర్రెకు పాలు పిండేవాళ్లు లేరని ముందురోజు పెళ్లి కాగానే ఊరికి పోయి, పొద్దున బస్సెక్కి వచ్చి, ఆటోలో అప్పుడే దిగింది.

"ఏంది బిడ్డా, దర్వాజల అడ్డం నిలబడ్డవ్?"

"ప్రాక్టీసు చేస్తాన్న బాపూ. ఆడబిడ్డను గదా. నేను అడ్డం నిలబడి పేర్లు చెప్పిచ్చుకున్నంకనే గదా మరదలు లోపలికి వచ్చేది."

ఆ సంగతి కుమారస్వామికి తెలియనిది కాదు. ఆయన చెల్లెలు కూడా సుభాషిణికి అట్లాగే అడ్డం నిలబడింది. కాని డ్యూటీలో ఉన్న మనిషికి డ్యూటీ తప్ప ఇంకేదీ కనిపించదు. ద్వారంలోంచి బిందెలు లోపలికి పోవాలి, పళ్లేలు బయటికి రావాలి. అక్కడ ఒక మనిషి చేతులు చాపుకుని నిలబడితే ఎట్లా?

"గది కారొచ్చినంక ముచ్చట. ఇప్పుడు ఖాళీగ ఉన్నవ్ గద, నీ ఆటో ఉన్నదా పోయిందా?"

"ఉన్నది. చాయ్ తాగుతాండు."

"అదే ఆటోల పెట్రోలు బంకు కాడికి పో. డ్రైవరు నర్సంపేటోడు, మన గల్లీ మలుపు తెల్వది. కారు కనబడంగనే ముంగట నువ్వు, ఎనుక కారు. కారు వచ్చేదాక ఆడికెల్లి కదలకు."

"ఫోను చార్జింగుల పెట్టిన బాపూ, పది పర్సెంటు గూడ లేదు."

"ఫోనెందుకు? కారు నీ ముంగటికెల్లే వస్తది."

ఆమె వెళ్లిపోయింది. ద్వారానికి అడ్డంగా వేలాడుతున్న ఆ చార్జరు వైరు కుమారస్వామి కంట పడింది. ఎవరి కాలికైనా తగిలితే? వైరు పీకి, పొందికగా చుట్టి, ఫోనుతో సహా టేబులు సొరుగులో పెట్టాడు.

తొమ్మిదింబావుకు గల్లీ ఎంత చక్కగా ఉందో ఒకసారి చూసుకుందామని బయటికొచ్చాడు. స్కూటర్లు పోయి గల్లీ విశాలమైంది. ఆ విశాలమైన గల్లీ నడిమధ్యలో, నాలుగిళ్ల పొడుగున, దారాలు పరుచుకుని ఉన్నాయి. జంపఖానాలు నేసే చిలుకమ్మ, ఆమె కోడలు శ్రీలత రెండు కొసల్లో నిలబడి మగ్గానికెక్కించే నిలువు పోగుల పడుగు సాపు చేస్తున్నారు.

"చిలుకక్కా! ఏందే ఇది? కారొస్తాంది!"

"గల్లీ ఖాళీ అయిందని పరిచినం తమ్మీ. రోజు బండ్లుంటయని ఆ చింతచెట్టు కాడికి మోసుకపోతం. దేవుడే జాగ ఇచ్చిండనుకున్న."

"తియ్యి, తియ్యి!"

"నడిమిట్ల తీస్తే పోగుపోగు చిక్కుపడ్తది. పదకొండింటికి అయిపోతది. జర ఓపిక పట్టు."

"నా కోడలికి అడ్డమైతాందే అక్కా!"

"పొద్దుందాక మా పనే నిలువుకు అడ్డం ఏసుడు. అడ్డమని మమ్ములనంటవా?" అని చిలుకమ్మ నవ్వి తన పని తాను చేసుకుంది.

కుమారస్వామి కంగారు పడలేదు. వంతెన మునిగితే బస్సును వేరే దారి పట్టించిన అనుభవం ఉంది. వెంటనే రాకేష్‌కు ఫోన్ చేశాడు.

"పెద్దరోడ్డు దిక్కు రావద్దురా. బడి దిక్కుకెల్లి రండి."

"సరే బాపూ. గని ఆ దిక్కు మన టెంటే ఉన్నది గదా?"

ఉంది. ఇంటికి ఆనుకుని బడి వైపు గల్లీ మొత్తం కప్పుతూ భోజనాల టెంటు. వేయించింది ఆయనే. విజిల్ పడింది. టెంటువాడు వచ్చేదాకా ఆగలేక ఆయనే ఒక గుంజ పీకాడు. మిగతా గుంజలు పీకనక్కరలేకపోయింది. టెంటు నెమ్మదిగా వంగి, వంకాయలు కోస్తున్న నలుగురి మీద పరుచుకుంది. లోపల్నుంచి నాలుగు రకాల తిట్లు వినపడ్డాయి. గుడ్డ చుట్టి పక్కన పెట్టేసరికి ఎనభై ప్లాస్టిక్ కుర్చీలు మిగిలాయి. అవి ఎక్కడ పెట్టాలి? చిలుకమ్మ దారాల పక్కనుంచి మోయించి, సాంబయ్య దగ్గర, కారు కోసం వదిలిన ఆ సందులోనే పేర్పించాడు. ఇక ఆ వైపు నుంచి కారు రాదు గదా!

ఇట్లా పదిమందికి పది పనులు చెప్పాడు. దారి మారిందని రాకేష్‌కు చెప్పాడు, వంటవాళ్లకు చెప్పాడు, కుర్చీలు మోసినవాళ్లకు చెప్పాడు. సాంబయ్యకు చెప్పలేదు. పెట్రోలు బంకు దగ్గర ఎండలో నిలబడ్డ కూతురు అసలు గుర్తేలేదు.

పది ఇరవై అయిదుకు బడి వైపు నుంచి పూలకారు వచ్చింది. దారిలో ఒక్క అడ్డం లేదు. కోడిపిల్ల కూడా లేదు. నేరుగా వచ్చి ఇంటి ముందు ఆగింది. కుమారస్వామి చెయ్యెత్తి ఆపి, గడియారం చూసుకున్నాడు. ఇంకా పదిహేను నిమిషాలున్నాయి! సుభాషిణి కూడా ఆయన వైపు చూసి, చూశాననిపించుకోకుండా చిన్నగా తలూపింది. ఆ తల ఊపు చాలు ఆయనకు, కళ్లు చెమర్చాయి.

ఎర్రనీళ్ల పళ్లెం తిప్పారు. దిష్టి తీశారు. గడప మీద బియ్యం చెంబు పెట్టారు. రాకేష్, అక్షర కొంగుముడితో వచ్చి మెట్టు మీద నిలబడ్డారు. ద్వారం బార్లా తెరిచి ఉంది. దానికి అటూ ఇటూ కనీసం ఒక చెప్పు కూడా లేదు. అంత ఖాళీ ద్వారాన్ని ఆ గల్లీలో ఎవరూ చూసి ఉండరు.

అక్షర కుడికాలు ఎత్తింది.

"ఆగు బిడ్డా" అంది మొగిలమ్మ. "ఆడబిడ్డ ఏది?"

అందరూ అందరి వైపూ చూశారు.

"శోభ పొద్దున్నే వచ్చె గదా" అంది సుభాషిణి. "దర్వాజల్నే నిలబడ్డది. నేను జూసిన."

రాకేష్ అక్కకు ఫోన్ చేశాడు. టేబులు సొరుగులోంచి రింగు మోగింది. సొరుగు లాగి చూస్తే, చుట్టచుట్టిన వైరు మధ్యలో ఫోను వెలుగుతూ ఉంది.

"గిది సొరుగుల ఎవలు పెట్టిన్రు?" అంది సుభాషిణి.

"వైరు... అడ్డముండె" అన్నాడు కుమారస్వామి.

"నా బిడ్డ ఏడున్నది?"

"బంకు కాడ. కారుకు తొవ్వ చూపియ్యనీకి."

"కారు ఈడున్నది గదయ్యా!"

"అక్క లేకుంటె ఏందంట అవ్వా?" అన్నాడు రాకేష్ మొగిలమ్మతో. "అడ్డం ఎవలు లేకుంటె ఇంకా మంచిదే గదా. సీదా పోతం."

"ఎట్ల పోతది? పిలువని పేరంటం లెక్కనా?" మొగిలమ్మ కర్ర నేలకు కొట్టింది. "అడ్డం వచ్చుడు వేరు, అడ్డం నిలబడుడు వేరు బిడ్డా. కుక్క అడ్డం వస్తది, ఆడబిడ్డ అడ్డం నిలబడ్తది. పో అనేటందుకు గాదు, నువ్వెవలివో చెప్పి మా దానివై రా అనేటందుకు. అడ్డం నిలబడేటామె లేంది పిల్ల కడప దాటదు."

పదీ ముప్పై రెండు. కుమారస్వామి జేబులో ఫోను మోగింది. తెలియని నంబరు, వీడియో కాల్. ఎత్తితే చెమటలు కారుతున్న శోభారాణి ముఖం.

"బాపూ, ఆటో అన్న ఫోనుకెల్లి చేస్తాన్న. కారు ఇంకా రాలే. పైపెచ్చు రోడ్డు మొత్తం జాం. ఎవడో పిచ్చోడు గల్లీకి తాడు కట్టి, స్కూటర్లు కుర్చీలు అడ్డం పెట్టిండట. పాలబండి, ట్యాంకరు, స్కూలు వ్యానులు అన్ని రోడ్డు మీదనే ఆగినయి. బంకు దాక జామే."

ఆ పిచ్చివాడు ఫోను కొంచెం దూరంగా పట్టుకున్నాడు.

"కారు వచ్చింది బిడ్డా. ఎనుకదిక్కుకెల్లి వచ్చింది."

"ఏందీ!"

"ఎంతసేపట్ల వస్తవ్?"

"ఉరికినా ఇరవై నిమిషాలు. బాపూ, నేను లేకుండ తీసుకపోతరా లోపలికి? నా ఒక్క తమ్ముడు!"

సాంబయ్యను తాడు విప్పమనడానికి ఎవరో పరుగెత్తారు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చారు. "పెండ్లికారు లోపలికి పోయినంకనే అని రాసి ఉన్నదట. ఇంకా పోలేదంటాండు. సంతకం గూడ చూపెట్టిండు."

పదీ ముప్పై అయిదు. పురోహితుడు వాచీ చూసుకుని గొంతు సవరించుకున్నాడు. ఎదురింటి అరుగు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చుంటే వర్జ్యం దాటేసరికి మధ్యాహ్నమవుతుంది. సుభాషిణి ఆ అరుగు వైపు చూసింది. తరవాత మొగుడి వైపు చూసింది. ఆ చూపు మోపిన నేరానికి తగిన శిక్ష ఏ చట్టంలోనూ లేదు.

"ఇల్లంత అడ్డం తిరుగుతవు గదా" అంది. "ఇప్పుడు రా. వచ్చి నిలబడు."

"నేనా?"

"ఆ ఫోను నీ మొఖం ముంగట పట్టుకోని దర్వాజల నిలబడు. అత్తమ్మా, చెల్లుతదా?"

మొగిలమ్మ ఫోను వైపు మెడ చాపింది. ఎనభై ఏళ్ల శాస్త్రంలో ఫోను సంగతి ఎక్కడా లేదు.

"మొఖం ఆమెది, ఒళ్లు నీది. రక్తం ఒక్కటే గదా. చెల్లుతది. కని ఆమె సరే అనేదాక నువ్వు జరుగొద్దు."

కుమారస్వామి గడపలో నిలబడ్డాడు. ఒక చేత్తో ఫోను తన ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. రెండో చెయ్యి చాపి ద్వారబంధానికి ఆనించాడు. బస్సును ఆపడానికి చాపిన చెయ్యే అది.

"పేరు చెప్పు మరదలా" అంది ఫోనులోంచి శోభారాణి, ముక్కు ఎగబీల్చుకుంటూ.

"అక్షర, రాకేష్" అంది అక్షర. సిగ్గుపడలేదు. మొగిలమ్మ కొంచెం నిరాశపడింది.

"నువ్వు చెప్పురా తమ్ముడూ."

"రాకేష్, అక్షర. తొందరగా గానియ్యి అక్కా."

"బిడ్డ పుడితే నా కొడుక్కిస్తరా?"

"ముందు జాం క్లియర్ గానియ్యి వదినా, మాట్లాడుకుందాం" అంది అక్షర. అందరూ నవ్వారు.

శోభారాణి కూడా నవ్వబోయింది. నోరు తెరిచింది. అట్లాగే ఆగిపోయింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"సరే అన్నదా?" అన్నాడు పురోహితుడు.

"అనలే" అన్నాడు కుమారస్వామి.

"అన్నట్టేనయ్యా, జరుగు!" అంది సుభాషిణి.

"జరుగు బావా!" "జరుగు బాపూ!" "జరుగుండ్రి సార్, రెండు నిమిషాలే ఉన్నది!"

ఏడాదిన్నరగా విన్న మాటే. ఎప్పుడు విన్నా జరిగిన మనిషే. కాని ఇప్పుడాయన జరగలేదు. బంకు దగ్గర ఎండలో నిలబడ్డ బిడ్డ కళ్లలో మెదిలింది. మరిచిపోయింది తానే. ఇప్పుడు ఆమె మాట లేకుండా దారి కూడా ఇచ్చేస్తే, ఆ పిల్లకు ఇక ఈ గడపలో ఏం మిగులుతుంది?

"నా బిడ్డ సరే అనాలె. అప్పటిదాక జరుగ" అన్నాడు.

చక్రం తిరుగుతూనే ఉంది. అక్షర ఆ చెయ్యి వైపు చూసింది, ఆ చెయ్యి కింద ఉన్న ఖాళీ వైపు చూసింది.

"మామయ్యా, మీరు జరగకండి. వదిన వచ్చేదాక ఇట్లనే ఉండండి. మేమే వస్తం" అంది.

వంగి, కుడికాలితో బియ్యం చెంబు తన్ని, ఆయన చంక కిందినుంచి లోపలికి దూరింది. కొంగుముడి లాగగానే వెనకాలే రాకేష్ కూడా తల వంచుకుని దూరాడు. పదీ ముప్పై తొమ్మిది.

"సరే, రానిస్త!" అంది అప్పుడు ఫోనులో శోభారాణి, నవ్వు పూర్తిచేస్తూ. "ఏమైంది బాపూ? మరదలేది?"

"లోపలున్నది బిడ్డా. నేను మాత్రం జరుగలే" అన్నాడు కుమారస్వామి. ఈసారి కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి దించక తప్పలేదు.

సుభాషిణి గిన్నెడు పాయసం ఆయన నిలబడ్డ చోటికే తెచ్చిచ్చి పోయింది. పదకొండింటికి చిలుకమ్మ పడుగు చుట్టేసి, తనే సాంబయ్యకు పరిస్థితి వివరించింది. సాంబయ్య మాత్రం సందులోని కుర్చీలు తీయించి, డ్రైవరు కారును ఒకసారి గల్లీ చుట్టూ తిప్పుకొచ్చి తన కళ్లముందు లోపలికి తెచ్చాకనే తాడు పూర్తిగా విప్పాడు. శోభారాణి పదకొండున్నరకు నడుచుకుంటూ వచ్చి, ద్వారంలో చేతులు చాపి నిలబడి, అక్షరను మళ్లీ బయటికి రప్పించి, అన్నీ మొదటినుంచి అడిగింది.

మర్నాడు పొద్దున సుభాషిణి చీపురు పట్టుకుని హాల్లోంచి వాకిట్లోకి వస్తుంటే ద్వారంలో కుమారస్వామి ఉన్నాడు.

"జర జరుగు" అంది.

జరగలేదు. మెల్లగా రెండు చేతులూ చాపాడు.

"పేరు చెప్పు, జరుగుత."

ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె నోట మొగుడి పేరు గడపలో ఒక్కసారి తప్ప రాలేదు. సుభాషిణి వెనక్కి చూసింది. కొత్త కోడలు చాయ్ గ్లాసు పట్టుకుని నవ్వాపుకుంటోంది.

సుభాషిణి ఏ పేరూ చెప్పలేదు. చీపురు తిరగేసి పట్టుకుంది, దారి దానంతటదే దొరికింది.